రెక్క కింద వెళ్లాల్సిన కెమెరా

మేము తయారు చేసింది ఉపగ్రహం కాదు, ఉపగ్రహంలో ఒక మూల కూర్చునే కెమెరా. ఈ తేడా ముందే చెప్పకపోతే మాకు లేని ఘనత అంటగట్టినట్టవుతుంది. ఉపగ్రహాన్ని కడుతున్నది తూర్పున ఒక దేశంలోని విశ్వవిద్యాలయం. మొత్తం కలిపి చెప్పుల పెట్టె అంత ఉంటుంది. అందులో మాకిచ్చిన చోటు ఒక ఇటుక పట్టేంత. ఆ ఇటుకలో ఒక లెన్సు, ఒక సెన్సరు, ఒకదాని మీద ఒకటిగా రెండు సర్క్యూట్ బోర్డులు. వానాకాలంలో ఐరావతి డెల్టాలో నీళ్లు ఎంతదూరం వచ్చాయో పైనుంచి చూడటం దాని పని.

యాంగోన్‌లో ఈ పని చేసినవాళ్లం కొద్దిమందిమి. మాకు పెద్ద, కాలేజీలో నాకు పాఠం చెప్పినావిడ. అందరం ఆమెను సయామ అనేవాళ్లం. బర్మీస్‌లో పంతులమ్మ అని అర్థం. నా పని బోర్డుల మీద భాగాలు అతికించడం, పరీక్షించడం, శుభ్రంగా ఉంచడం. విశ్వవిద్యాలయంలో ఒక గది మూల ప్లాస్టిక్ షీట్లతో గుడారం కట్టి, దానికి ఫ్యాన్, ఫిల్టర్ పెట్టి, అందులో గౌను, టోపీ వేసుకుని కూర్చునేదాన్ని.

ఉపగ్రహాన్ని పైకి తీసుకెళ్లే రాకెట్టు నేల మీంచి లేచేది కాదు. దాన్ని ఒక పెద్ద విమానం రెక్క కింద తగిలించి, సముద్రం మీదికి తీసుకెళ్లి, బాగా ఎత్తులో వదిలేస్తారు. కొన్ని క్షణాలు ఊరికే కిందికి పడుతుంది. ఆ తర్వాత ఇంజను అంటుకుంటుంది. ఈ సంగతి మా అమ్మకు చెప్పిన రోజు ఆమె గారెల పిండి రుబ్బుతోంది. యాంగోన్ నడుమ పబేడాన్ పేటలో మా సందు మొదట్లో అమ్మకు చిన్న టిఫిన్ బండి ఉండేది. తాతల కాలంలో వలస వచ్చిన తెలుగువాళ్లం, మేముండేది అదే సందులో మూడో అంతస్తులో.

"వొదిలీసినాక అంటుకుంటాదా? అంటుకోపోతే?" అని అడిగింది.

"సముద్రంలో పడిపోతాది."

"మరి మీరు సేసింది?"

"అదీ పడిపోతాది."

"ఇదేటి పనే తల్లీ," అని మళ్లీ పిండిలో చెయ్యి పెట్టింది.

మాకు సంబంధించినంతవరకు ఆ పద్ధతిలో ముఖ్యమైన విషయం ఒకటే. మామూలు రాకెట్టు నిలబడి ఉంటుంది, ఇది రెక్క కింద పడుకుని వెళుతుంది. దాంతో మా కెమెరా బరువంతా చాలాసేపు పక్కకు వేలాడుతుంది. వదిలినప్పుడు ఒక కుదుపు, ఇంజను అంటుకున్నాక వెనకనుంచి తోపు. బోర్డు మీద కొంచెం పొడవుగా ఉన్న ప్రతి భాగం ఏ వైపు కుదిపినా ఊడకుండా ఉండాలి. అందుకని ఒక్కోదాని మొదట్లో జిగురు చుక్క పెట్టాలి. చుక్క తక్కువైతే పట్టు ఉండదు, ఎక్కువైతే వేడికి ఉబ్బి టంకాన్ని లాగేస్తుంది. ఆ జనవరి అంతా భూతద్దం కింద నేను చేసింది ఈ చుక్కలు పెట్టడమే.

ఫిబ్రవరిలో ఒక పొద్దున లేచేసరికి ఫోన్లు పలకలేదు. బండి దగ్గరికి దోసెలకు వచ్చినవాళ్లు సైన్యం ప్రభుత్వాన్ని పట్టుకుందని చెప్పుకుంటున్నారు. నేను అలవాటు ప్రకారం పక్కపేట చౌక్తడా దాకా నడిచి బస్సెక్కాను. బస్సు మామూలుగానే నడిచింది. అందరూ పలకని ఫోన్లే చూసుకుంటున్నారు. ల్యాబులో సయామ ఒక్కతే ఉంది. ముందురోజు పెట్టిన జిగురు ఓవెన్‌లో ఆరుతోంది.

"ఏం చేద్దాం సయామా?" అన్నాను.

ఆమె ఓవెన్ గాజులోంచి చూస్తూ, "ఇది ఆరేదాకా ఉందాం. మధ్యలో ఆపేస్తే పాడవుతుంది," అంది.

సాయంత్రం దాకా ఇద్దరం ఓవెన్ దగ్గరే కూర్చున్నాం. జిగురు గట్టిపడ్డాక బోర్డులు తీసి పెట్టెలో పెట్టి తాళం వేసింది. వెళుతూ వెళుతూ, రేపటినుంచి తాను పనిలోకి రానని చెప్పింది. ఆ వారంలోనే టీచర్లు, డాక్టర్లు, రైల్వేవాళ్లు అందరూ సమ్మెలోకి దిగారు. సయామ సమ్మెకు గుర్తుగా ఎర్ర రిబ్బను పెట్టుకుని ఊరేగింపుల్లో ముందు నడిచింది. నేను వెనక నడిచాను. పొద్దుగూకాక సైన్యానికి నిరసనగా సందంతా కిటికీల్లోంచి గిన్నెలు మోగించేది. అమ్మ మొదటిరోజు తలుపు వేసుకుంది. రెండోరోజు దోసెల పెనం, అట్లకాడ పట్టుకుని బాల్కనీలోకి వచ్చింది. నేను పక్కకు జరిగి చోటిచ్చాను.

మార్చి వచ్చేసరికి కాల్పులు మొదలయ్యాయి. విశ్వవిద్యాలయాల్లో సైనికులు దిగుతారని పుకారు వచ్చింది. సయామ నాకు ఫోన్ చేసి, కెమెరాను అక్కడ ఉంచవద్దంది. ఇద్దరం వెళ్లాం. కెమెరా పెట్టెను రైస్ కుక్కర్ అట్టపెట్టెలో పెట్టాం. దాంతోపాటు నైట్రోజన్ సిలిండరు కూడా తేవాలి. యాంగోన్ గాలిలో తేమ ఎక్కువ. ఆ తేమ లెన్సు లోపలికి పోకుండా కెమెరా ఉన్న సంచిలోకి పొడి నైట్రోజన్ ఎప్పుడూ కొద్దికొద్దిగా వదులుతూ ఉండాలి. సిలిండరు చంటిపిల్లంత బరువు. గోనెసంచిలో చుట్టి, వంటగ్యాస్ అని టాక్సీ అతనితో చెప్పాం. అతను నమ్మాడో లేదో తెలియదు. సందులన్నీ తిరిగి తిరిగి, సైన్యాన్ని ఆపడానికి జనం ఇసుక బస్తాలు అడ్డంగా పెట్టినచోట దింపేశాడు.

మా సందు మొదట్లో తీగ మీద ఆడవాళ్ల తమైన్లు, అంటే లుంగీలు, వరసగా ఆరేసి ఉన్నాయి. ఆడవాళ్ల బట్టల కింద నడిస్తే మగవాడి మహిమ పోతుందని బర్మావాళ్ల నమ్మకం. సైనికులు కాసేపైనా ఆగుతారని అలా కట్టారు. వాటి మధ్య మా అమ్మ పాత చీర కూడా ఉంది. వాటి కిందనుంచే చెరోవైపు పట్టుకుని పెట్టెను ఇంటికి తెచ్చాం.

మెట్ల దగ్గర సయామ ఆగిపోయింది. "పైకి రాను. నేను ఇక్కడికి వచ్చినట్టు ఎంత తక్కువమందికి తెలిస్తే అంత మంచిది," అంది. చేతికి ఉన్న శానిటైజర్ తుడుచుకుని నా భుజం తట్టి వెళ్లిపోయింది. తర్వాత ఆమె గొంతు చాలాసార్లు విన్నాను గానీ మనిషిని చూడలేదు.

ఇంట్లో అసలు చిక్కు నూనె. లెన్సుకు నూనె ఆవిరిని మించిన శత్రువు లేదు. మా ఇల్లు చూస్తే గోడలకు కూడా గారెల వాసన. కెమెరాను నా మంచం తలవైపు, వంటింటికి వీలైనంత దూరంగా పెట్టి, సంచి మీద సంచి తొడిగి, సిలిండరు గొట్టం తగిలించాను.

అమ్మ వచ్చి చూసింది. "దీనికేటి, జొరమా? గొట్టం ఎట్టినావు."

"నూనె పొగ తగిలితే పాడైపోతాదమ్మా. ఇంట్లో ఏపుళ్లు ఒద్దు కొన్నాళ్లు."

"మరి బండికి?"

"బండికాడే ఏపించు."

అమ్మ సణిగింది గానీ పొయ్యి సందులోకి దించింది. అలా వారం నడిచిందో లేదో, సందు చివర ఒక కుర్రాడికి తూటా తగిలింది. ఆ రోజుతో బండి మూతపడింది. ఇంట్లో నూనె వాసన దానంతటదే పోయింది.

ఏప్రిల్‌లో బర్మావాళ్ల కొత్త సంవత్సరపు నీళ్ల పండగ జరగలేదు. ఆ రోజుల్లోనే ఒక మధ్యాహ్నం సైనికులు మా మేడ సోదా చేశారు. కిందినుంచి ఒక్కో అంతస్తూ ఎక్కుతూ తలుపులు కొడుతున్న చప్పుడు మాకు వినిపిస్తూనే ఉంది. దాచడానికి సమయం ఉంది, చోటు లేదు. వాళ్లు వచ్చి బీరువా, పరుపు, బియ్యం డబ్బా చూశారు. వాళ్లకు పెద్దలా ఉన్నవాడు సిలిండరు గొట్టం వెంబడే మంచం తలవైపుకు వచ్చి సంచి జిప్పు లాగాడు.

"ఏమిటిది?"

"కెమెరా," అన్నాను.

"తీగలున్నాయే."

"ఉపగ్రహంలో పెట్టేది. వరదలు చూడటానికి."

అతను నా మొహం వైపు, మా అమ్మ మొహం వైపు చూశాడు. అమ్మ తనకు వచ్చిన బర్మీస్‌లో, "మా పిల్ల కాలేజీ చదువు బాబూ, అంతే," అంది. అతను లెన్సు మూత తీసి, లోపల ఏముందో చూడబోయి, బొటనవేలితో అద్దాన్ని నొక్కాడు. "ఇప్పుడు ఫొటో తీస్తుందా?" అన్నాడు. కరెంటు తగిలిస్తే గానీ తీయదన్నాను. ఇంతలో కిందనుంచి ఎవరో ఈల వేశారు. నా ల్యాప్‌టాప్ తీసుకుని అందరూ దిగిపోయారు.

నిజం చెప్పాలంటే అప్పుడు నాకు కలిగింది భయం కాదు. లెన్సు మీద వేలిముద్ర గీత గీతగా కనిపిస్తోంది, దాన్ని చూసి ఒళ్లు మండింది. భయం తర్వాత వచ్చింది. గోడకు ఆనుకుని కూర్చుండిపోయాను. అమ్మ మంచినీళ్లు ఇచ్చి, "తుడిస్తే పోతాది కదా," అంది. పోయింది. సీసా అడుగున మిగిలిన ఆల్కహాల్‌తో, లెన్సు కాగితంతో, నడుమ నుంచి అంచుకు మెల్లగా తుడిచాను. మూత పెట్టి సంచి జిప్పు వేశాను.

మొబైల్ డేటా లేకపోయినా ఇంటి వైఫై పగలు వచ్చేది. ఉపగ్రహం కడుతున్నచోట ఒక ఇంజనీరు మాతో మాట్లాడేవాడు. మర్యాదస్తుడు. ప్రయోగం దగ్గరపడుతోందని, ఆగస్టు మొదటికల్లా కెమెరా చేరాలని చెప్పాడు. విమానాలు దాదాపు లేవు. దేశంలోకి ఎవరూ రావడం లేదు, బయటికి ఎవరూ పోవడం లేదు. ఈలోగా ఒప్పందం మీద సంతకం చేసిన ప్రభుత్వ కార్యాలయం, ఇప్పుడు సైన్యం చేతిలో ఉన్నది, అక్కడి నుంచి ఒకావిడ ఫోన్ చేసి, కెమెరా తమకు అప్పగిస్తే తామే పంపుతామంది. ఎక్కడుందో తెలియదని చెప్పాను.

అది సయామకు చెబితే ఆమె దగ్గర్నుంచి ఒక వాయిస్ మెసేజ్ వచ్చింది. వెనకాల కోళ్లు అరుస్తున్నాయి. "వాళ్ల చేతికి ఇవ్వొద్దు," అంది.

మా జట్టులో మిగిలినవాళ్లు రెండు రకాలుగా వాదించుకునేవారు. ఆ కెమెరా పైకి వెళితే అడవుల్లో దాక్కున్నవాళ్లను సైన్యానికి పట్టిస్తుందని కొందరు. తగలబడుతున్న ఊళ్లను ప్రపంచానికి చూపిస్తుందని కొందరు. నాకు రెండూ సరి అనిపించలేదు. మా కెమెరా ఫొటోలో ఒక్కో చుక్క వరిమడి కంటే వెడల్పు. దానికి మనిషి కనిపించడు, ఇల్లు కనిపించదు. వరద కనిపిస్తుంది. ఆ మాటే సయామకు పంపాను.

మర్నాడు జవాబు వచ్చింది. "నాకు తెలుసు. అది డిజైన్ చేసింది నేనేగా. నేను చెప్పేది అది ఏం చూస్తుందని కాదు. అది పైకి వెళ్లినరోజు టీవీలో దాని పక్కన ఎవరు నిలబడి నవ్వుతారని."

ఆ మాట నిజమే. అయితే వాళ్లకు ఇవ్వడం, దాచుకోవడం కాక మూడో దారి ఒకటి దొరికింది. విదేశీయులను తీసుకుపోయే ఒక ప్రత్యేక విమానంలో వెళుతున్న తెలిసినావిడ ఒకరు, కెమెరాను చేతిసంచిలో తీసుకెళతానంది. సయామ కూడా సరేనంది. నేను మళ్లీ పనిలో పడ్డాను. కనెక్టర్లు పరీక్షించి, స్క్రూలు సరైన బిగువులో ఉన్నాయో లేదో చూసి, సంచిలో తేమ ఎంతుందో రోజూ చూసుకునేదాన్ని. విమానం జూలై చివర్లో.

జూలైలో కరోనా వచ్చిపడింది. మా సందులో దగ్గు వినపడని ఇల్లు లేదు. ఆక్సిజన్ కోసం జనం సిలిండర్లు భుజాన వేసుకుని ప్లాంట్ల ముందు వరస కట్టారు. గ్యాస్ అయినా దొరికేది గానీ ఖాళీ సిలిండరు దొరకటమే గగనమైంది. మా కింది అంతస్తులో బర్మా పెద్దాయన, ఆయన భార్య ఉండేవారు. బ్యాంకులో పనిచేసి రిటైరయ్యాడు. మేము ఆయన్ని ఊలే అనేవాళ్లం, చిన్నాన్న అన్నట్టు. ఒక పొద్దున ఆయన భార్య మా గుమ్మంలోకి వచ్చి, మాస్కు సరిచేసుకుంటూ నిలబడింది.

"ఆయనకు ఊపిరి అందటం లేదు," అంది. "సోదా రోజున మీ ఇంట్లో సిలిండరు ఉందని సైనికులు చెప్పుకోవడం విన్నాను."

"అది ఆక్సిజన్ కాదండీ."

"తెలుసు. ఖాళీ అయితే నింపుకుంటాం."

నేను అమ్మ వైపు చూశాను. అమ్మ సిలిండరు వైపు చూస్తోంది. "ఏటి సూత్తన్నావు? ఇప్పు," అంది.

మీట తిప్పాను. నైట్రోజన్ బుస్సుమంటూ కిటికీలోంచి సందులోకి పోయింది. ఏదో పెద్ద త్యాగం చేస్తున్నట్టు నాకేమీ అనిపించలేదు. శబ్దం తగ్గుతుంటే, వాల్వు మరలు వేరు కదా, మార్చేవాళ్లు ఎక్కడ దొరుకుతారా అని ఆలోచిస్తున్నాను. అమ్మ సాయం పట్టబోతే ఆపాను. "నూనె సేతులతో ముట్టుకోకు. ఆక్సిజన్‌కి నూనె తగిలితే పేల్తాది." అమ్మ వెళ్లి సబ్బుతో మోచేతుల దాకా కడుక్కుని వచ్చింది. సిలిండరును కింది కుర్రాళ్లు లత అనే పేటలో గ్యాస్ సామాన్ల దుకాణానికి మోసుకుపోయి, లోపలంతా శుభ్రం చేయించి వాల్వు మార్పించి, వరసలో నిలబడి నింపుకుని వచ్చారు.

ఊలే బతికాడు. ఆయనకు సేవ చేసినావిడకు ఆ తర్వాత వచ్చింది. అదే సిలిండరు మళ్లీ నింపించారు, కానీ ఆవిడ దక్కలేదు. దహనానికి ఎవరినీ వెళ్లనివ్వలేదు. కొన్నాళ్లకు ఊలే కర్ర పట్టుకుని పైకి వచ్చి, సిలిండరు తిరిగి ఇస్తానన్నాడు. ఉంచుకోమన్నాను. ఆయన మా గుమ్మంలోనే చాలాసేపు కూర్చున్నాడు. అమ్మ ఆయనకు రెండు దోసెలు పోసింది.

ఈలోగా కెమెరా సంచిలో తేమ చూపించే కాగితం నీలం నుంచి గులాబీ రంగుకు తిరిగింది. జూలై వాన అది. తేమ పీల్చే సిలికా గుళికలు ఎన్ని వేయించి వేసినా నిలవలేదు. తీసుకెళతానన్నావిడ కూడా జబ్బుపడి ప్రయాణం మానుకుంది. ఇంజనీరుకు ఉన్నది ఉన్నట్టు చెప్పాను.

"అయితే మీ చోట దిమ్మ పెడతాం," అన్నాడు అతను.

రాకెట్టులో ఎవరి చోటూ ఖాళీగా ఉండకూడదు. బరువు మారితే ఉపగ్రహం వదిలినప్పుడు తిరగబడుతుంది. అందుకని రాని పరికరానికి బదులు అదే బరువుతో అల్యూమినియం దిమ్మ పెడతారు. దానికి మా కెమెరా బరువు, ఆ బరువు సరిగ్గా ఎక్కడ కేంద్రీకరించి ఉందో ఆ చోటు కావాలి. పడుకుని వెళ్లే రాకెట్టు కాబట్టి రెండోది మరీ ముఖ్యం. ఆ లెక్కలు నా ల్యాప్‌టాప్‌తో పాటు పోయాయి. మళ్లీ కొలవాలి.

లతలో ఒక చైనా ఆయన బంగారం దుకాణానికి కెమెరా పట్టుకెళ్లాను. అతని తక్కెడ కన్నా నమ్మకమైనది నాకు ఆ రోజుల్లో అందుబాటులో లేదు. అతను కళ్లజోడు పైకెత్తి, "అమ్ముతారా?" అన్నాడు.

"లేదు. బరువు తెలిస్తే చాలు."

"లోపల బంగారం ఉందా?"

"సెన్సరు కాళ్లకు పూత ఉంది. కంటికి కనపడదు."

నవ్వి తూచాడు. ఇంటికొచ్చి, ఉక్కు స్కేలు అంచు నిలబెట్టి, దాని మీద కెమెరాను ఒక్కో వైపు నుంచి నిలిపాను. ఏ వైపూ ఒరగని చోట పెన్సిల్ గీత. అమ్మ ఊపిరి బిగబట్టి స్కేలు పట్టుకుంది. మూడు వైపులా అయ్యాక ఆ అంకెలు పంపాను. జట్టుగా మేము చేసిన ఆఖరి పని అదే. బాగా చేశామనే అనుకుంటున్నాను.

ప్రయోగం జరిగిన మరుసటి పొద్దున దాని వీడియో ఇంట్లో చూశాం. విమానం రెక్క కింద తెల్లటి రాకెట్టు. వదిలారు. మంట లేదు. ముక్కు కొద్దిగా వంగి కిందికి జారుతోంది.

"పడిపోతన్నాది," అంది అమ్మ నా చెయ్యి పట్టుకుని.

అప్పుడు వెనకనుంచి మంట వచ్చింది. రాకెట్టు విమానాన్ని దాటి పైకి పోయింది. చూస్తూ చూస్తూ కనపడకుండా పోయింది.

"మన దిమ్మ ఎల్లిపోనాదా?"

"ఎల్లిపోనాది."

అమ్మ వీడియో మళ్లీ మొదటినుంచి పెట్టమంది. సయామకు కబురు పంపితే, సరిహద్దు దగ్గర ఏదో ఊళ్లో పిల్లలకు లెక్కలు చెబుతున్నానని, వాళ్లకు ఈ దిమ్మ సంగతి చెబితే నమ్మలేదని జవాబు ఇచ్చింది. ఆ వాయిస్ మెసేజ్ చివర నవ్వింది, ఆ నవ్వు విని అప్పటికి చాలాకాలమైంది.

నేను చౌక్తడాలో ఇన్వర్టర్లు బాగుచేసే దుకాణంలో చేరాను. కరెంటు సరిగా రాని ఊళ్లో ఆ పనికి కొదవలేదు. వానలు తగ్గాక ఒక ఆదివారం, చర్చి నుంచి వచ్చాక, కెమెరా విప్పాను. లెన్సు అంచున బూజు సన్నటి దారాల్లా అల్లుకుంది. తుడిచి, బ్యాటరీ తగిలించి, పాత ఫోనుకు కలిపి, మేడ మీదికి పట్టుకెళ్లాను. పనిచేసింది. దూరంగా ఉన్నవాటికే దృష్టి కుదిర్చాం కాబట్టి పక్క మేడ, నీళ్ల ట్యాంకు, ఆరేసిన బట్టలు అన్నీ అలుక్కుపోయినట్టు వచ్చాయి. మేడల సందులోంచి కనిపించే నది, అవతలి ఒడ్డు మాత్రం స్పష్టంగా పడ్డాయి. నీళ్లు నల్లగా, చెట్లు తెల్లగా. ఆకుల్లోంచి వచ్చే కంటికి కనపడని వెలుగును చూసే సెన్సరు కాబట్టి అలా కనిపిస్తాయి.

అమ్మ ఫోను తీసుకుని చూసింది. "సెట్లకి మంచు పడినట్టున్నాదే," అంది. వెంటనే చుట్టూ ఉన్న మేడల వైపు చూసి, "బేగి దిగు, ఎవులైనా సూసీగలరు," అని కెమెరా మీద తువ్వాలు కప్పింది. నేను ఇంకొక్క ఫొటో తీసుకుని ఆమె వెనకే కిందికి దిగాను.